లేని బ్రేకు మీద కాలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఫోన్లు బోర్లా పెట్టి చెవులు నాకివ్వండి. నసీమున్నీసా కథలో ఇది ఒక్క రోజు సంగతి. చిన్నదే, కానీ మధ్యలో లేచి వెళ్తే మాత్రం రాత్రికి మీకే నిద్ర పట్టదు.

నసీమున్నీసా పోలీసూ కాదు, ప్లీడరూ కాదు. బండ్లకు బీమా కట్టించుకునే కంపెనీవాళ్ళు, ప్రమాదం జరిగితే అసలు సంగతి కనుక్కుని రమ్మని పంపే మనిషి. నలభై దాటిన వయసు, భుజాన గుడ్డ సంచి, నెమ్మదైన మాట. ఆవిడ ఎవర్నీ గద్దించదు. అడిగి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడానికే అవతలివాళ్ళకు చెమటలు పడతాయి.

ఆ పొద్దున గుంటూరులో ఆవిడ ఇంకా టీ గ్లాసు దించకముందే గుమ్మంలో ఒక పిల్ల నిలబడింది. పేరు శ్రీదివ్య. ఇరవై రెండేళ్ళుంటాయి. కళ్ళ కింద నలుపు.

"మా నాన్న ఆ బండి తోలలేదు మేడమ్" అంది.

"ఎవరమ్మా మీ నాన్న?"

"యలమంద. మార్టూరు రోడ్డు యాక్సిడెంటు."

నసీమున్నీసాకు తెలుసు. ఆ కాగితాలు ముందురోజే ఆవిడ చేతికి వచ్చాయి. మూడు రోజుల కింద, పొద్దు వాలే వేళ, మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకు పోతున్న చిన్న ట్రాలీ ఒకటి స్కూటీని గుద్దింది. స్కూటీ మీద ఉన్నది సిద్దికా అనే అమ్మాయి. గ్రానైటు రాళ్ళు నునుపు చేసే యూనిట్లో పని ముగించుకుని ఇంటికి పోతోంది. కాలు విరిగింది, తలకు దెబ్బ తగిలింది. బండి బాపయ్య అనే మిర్చి రైతుది. తోలింది నేనేనని బాపయ్య దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉన్న డ్రైవరు యలమంద తనంతట తానే ఠాణాకు నడిచొచ్చి చెప్పాడు.

"మరి తోలిందెవరమ్మా?"

పిల్ల నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. కుడి అరచేతి వంక చూసుకుంది, అక్కడేదో అంటుకుని వదలనట్టు.

"అది మాత్రం నన్నడక్కండి మేడమ్. మీరే కనుక్కోండి. మీరు కనుక్కుంటారని అందరూ అన్నారు, అందుకే వచ్చా."

అని వెళ్ళిపోయింది. తెలిసి చెప్పని నోరు రెండు రకాలు. ఒకటి భయంతో మూసుకుంటుంది, ఇంకొకటి కట్టుబడి మూసుకుంటుంది. ఆ పూట నసీమున్నీసా మొదటి రకమే అనుకుంది. బాపయ్యకు భయపడుతోంది కాబోలు అనుకుంది.

*

ఠాణాలో ఎస్సై ప్రేమ్‌చంద్ కుర్చీలోంచి లేవలేదు.

"రండి మేడమ్. దొంగ దొరక్కపోతే డిటెక్టివ్‌లొస్తారని విన్నా. దొరికాక కూడా వస్తారా?"

"దొరికినవాడు దొంగేనా అని చూసిపోదామని వచ్చా సార్."

"వాడే నేనన్నాక మీరెవరండీ కాదనడానికి? మీ కంపెనీ తప్పించుకోడానికి దారి వెతుకుతోందని చెప్పండి, నిజాయితీగా ఉంటుంది."

ఆ మాట గుచ్చుకుంది. అయినా ఆవిడ నవ్వి ఊరుకుంది. ఎస్సై కుర్రవాడు, చురుకైనవాడు, ఒక్కటే లోపం: ఒప్పుకున్నవాడు ఎదురుగా ఉంటే ఇంక వెనక్కి తిరిగి చూడడు.

యలమంద మూలన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అరవై దగ్గర పడిన మనిషి, మాసిన గళ్ళ లుంగీ, కాళ్ళకు చెప్పుల్లేవు. పక్కన స్టీలు క్యారియర్. అది బాపయ్య ఇంటి నుంచి మూడు పూటలా వస్తోంది. బాపయ్య కూడా బయట బెంచీ మీదే ఉన్నాడు, తెల్ల చొక్కా, మెళ్ళో తువ్వాలు. నసీమున్నీసా లోపలికి వస్తుంటే ఆపి మరీ చెప్పాడు: "ఏమ్మా, మావాడు తిన్నాడో లేదో కాస్త కనుక్కో. నిన్న కూడా ముద్ద ముట్టలేదంట. ఎన్నాళ్ళ మనిషి! నా కొడుక్కంటే ముందు వాడే నాకు."

ఆవిడ యలమందకు ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్, బండిలో ఎవరెవరున్నారు?"

"నేనొక్కణ్ణేనమ్మా."

"చెప్పులేవి?"

"బండెక్కితే చెప్పులేసుకోను. అన్నం పెట్టేదాన్ని చెప్పుకాలితో తొక్కుతామా? మొదట్నించీ అదే అలవాటు."

"గుద్దాక ఏం చేశావు?"

"దిగాను. పిల్లనెత్తాను. అటుగా వచ్చిన కారాపి ఆస్పత్రికి పంపాను."

ఇదంతా అప్పజెప్పిన పాఠంలా వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు.

"బ్రేకు వేశావా?"

అతనికి తెలియకుండానే కుడికాలు ముందుకొచ్చి గచ్చు మీద గట్టిగా నొక్కుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

"నొక్కానమ్మా" అన్నాడు, గొంతు మారిపోయింది. "ప్రాణం కొద్దీ నొక్కాను. పడలేదు."

"భలేవాడివయ్యా!" అన్నాడు ప్రేమ్‌చంద్ కాగితాల్లోంచి తలెత్తకుండా. "నిన్ననే బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి బండి చూసిపోయాడు. బ్రేకులు శుభ్రంగా ఉన్నాయి."

యలమంద తల దించుకున్నాడు. అంతసేపూ చెప్పిన వాటిల్లో నిజంలా వినపడింది ఆ ఒక్క మాటే. సరిగ్గా అదే అబద్ధమని తేలింది. నసీమున్నీసా దాన్ని మనసులో పక్కన పెట్టుకుంది.

"నీ లైసెన్సుకేమవుతుందో తెలుసా బాబాయ్?"

"మూడు నెలలు పక్కన పెడతారంట. బాపయ్యగారు చెప్పారు. నా తప్పుకు పడ్డ గీత ఒక్కటి లేదమ్మా, ఇన్నేళ్ళలో! మచ్చలేని లైసెన్సని కోర్టువారు కనికరిస్తారంట. మూడు నెలలు కూచుంటా. ఏం పోయింది?"

ఈ గీతల సంగతి మీకు కాస్త చెప్పాలి. ఎడ్లబండి రోజుల్లో తప్పు చేస్తే ఊరంతా చూసేది, అదే శిక్ష. ఇప్పుడు కెమెరా చూస్తుంది, కంప్యూటరు గుర్తు పెట్టుకుంటుంది. హైదరాబాదులో ఒకప్పుడు పాయింట్లని వేసేవారు, తప్పును బట్టి ఒకటో రెండో మూడో; పన్నెండు నిండితే ఏడాదిపాటు స్టీరింగు ముట్టుకోకూడదు. ఇప్పుడు ఏడాదిలో ఐదు తప్పులు పడ్డాయంటే పిలిచి సంజాయిషీ అడిగి లైసెన్సు ఆపేయొచ్చు. కొన్నింటికి ఐదు దాకా కూడా ఆగరు. తాగి తోలినా, ఫోను చెవిన పెట్టుకుని తోలినా, సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించినా ఒక్కదానికే మూడు నెలలు. మిరప కోతల రోజుల్లో ట్రాలీల్లో ఆడకూలీల్ని నిలబెట్టి తీసుకుపోతారు చూడండి, అదీ ఆ లెక్కలోదే. బాపయ్య కొడుకు శ్రీకృష్ణ సరిగ్గా దానికే పట్టుబడ్డాడు. అతని లైసెన్సు ఇప్పుడు సస్పెన్షన్లో ఉంది.

అందుకే నసీమున్నీసా చూపు మొదట శ్రీకృష్ణ మీద పడింది. లైసెన్సు లేని కొడుకు గుద్దితే, లైసెన్సున్న నౌకరును ముందుకు తోయడం ఆవిడ ఎన్నో కేసుల్లో చూసింది.

"శ్రీకృష్ణ ఆ సాయంత్రం ఎక్కడున్నాడు సార్?"

ప్రేమ్‌చంద్ ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు నవ్వాడు. "చిలకలూరిపేటలో పెళ్ళిలో. భోజనాల దగ్గర వడ్డించింది కూడా అతనే. వీడియో తెప్పించి నేనే చూశా. మీరొక్కరే ఆలోచిస్తారనుకున్నారా మేడమ్?"

ఆవిడ మొహం కొంచెం వాడిపోయింది. దాచుకోలేదు కూడా. "బాగా చేశారు సార్. ఒకసారి బండి చూడనివ్వండి."

"చూడండి. దిష్టి తీసి పంపిస్తా."

*

ట్రాలీ ఠాణా వెనక ఎండలో ఉంది. మిర్చి టిక్కీలు దింపేశారు. టిక్కీ అంటే తెలుసుగా, కాయలు తొక్కి కుట్టిన గోనె మూట. వాటిని దింపుతుంటే లేచిన కారం దుమ్ముతో బండి ఒళ్ళంతా ఎర్రటి నూగు పట్టినట్టుంది. నసీమున్నీసా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుడి తలుపు తీసింది. డ్రైవరు సీటు ముందుకు జరిపి ఉంది. యలమంద పొడగరి. అంత ముందుకు జరిపితే అతని మోకాళ్ళు స్టీరింగుకు తగలాలి.

తర్వాత ఎడమ తలుపు తీసింది. అక్కడే చాలాసేపు వంగి నిలబడిపోయింది.

ఎడమవైపు రబ్బరు పట్టా ముందుకు నెట్టుకుపోయి ముడతలు పడి ఉంది. పట్టా మీద, లోడెత్తినప్పుడు పడ్డ కారం దుమ్ములో ఒక ఉత్తకాలి ముద్ర. కుడికాలు. మడమ దిగబడి, బొటనవేలు విడిగా, దుమ్మంతా అచ్చుపోసినట్టు గట్టిపడి ఉంది. ఊరికే కాలు చాపుకుని కూర్చున్నవాడి ముద్ర కాదది. ఏదో ఉందనుకుని, దాన్ని ప్రాణం కొద్దీ నొక్కినవాడి ముద్ర.

మీలో ఎవరైనా పిల్లలకు బండి నేర్పి ఉంటే ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నేర్పేవాడు పక్క సీట్లో కూర్చుంటాడు. ఎదురుగా ఏదన్నా వస్తే వాడి కాలు దానంతటదే లేస్తుంది, లేని బ్రేకును నొక్కుతుంది. నేల నొక్కితే బండి ఆగుతుందా? అయినా నొక్కుతాం.

'నొక్కానమ్మా. పడలేదు.'

ముసలాయన నిజమే చెప్పాడు.

నసీమున్నీసా లేచి బండి ముందుకు వచ్చింది. అద్దం మీద కూడా దుమ్మే. కానీ ఎడమ మూల ఒకచోట ఆ దుమ్ము మరీ చిక్కగా, మరీ ఎర్రగా, వంకర లేని గీతల్లో పట్టి ఉంది. నిలువుగా ఒక పట్టీ, దాని కింద అడ్డంగా ఒక పట్టీ. వేలితో తాకితే జిగురు. ఎవరో అక్కడి ఎర్ర టేపు పీకేశారు. జిగురు మిగిలిపోయింది. ఠాణాలో మూటలు దింపేటప్పుడు లేచిన కారం వచ్చి ఆ జిగురుకు అంటుకుంది. పీకేసిన ఎల్ అక్షరాన్ని మిరపకాయ తిరిగి రాసిపెట్టింది.

"మూటలు దింపించింది మీరేనా సార్?" అని అడిగింది, వెనకే వచ్చి నిలబడ్డ ప్రేమ్‌చంద్‌ను.

"మంచు పడితే సరుకు పాడవుతుందని బాపయ్యగారు బతిమాలితే దింపించా. ఏం?"

"ఏం లేదు. మంచి పని చేశారు."

ఏమిటో చెప్పమని అతను రెండుసార్లు అడిగాడు. ఆవిడ చెప్పలేదు. నేర్చుకుంటున్న చెయ్యి ఎవరిదో ముందు కళ్ళారా చూడాలి. మనిషిని చూడకుండా పేరు బయట పెడితే, అది మళ్ళీ వెనక్కి రాదు.

*

గుంటూరు పెద్దాస్పత్రి వరండాలో సిద్దికా తల్లి జైతున్‌బీ గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఒక పిల్ల బత్తాయి తొనలు వలుస్తోంది.

"అమ్మాయికెలా ఉందమ్మా?" అంది నసీమున్నీసా.

"నిన్న కళ్ళు తెరిచింది. బతికిపోయింది, అల్లా దయ. ఈ పిల్లెవరో గానీ తల్లీ, మొదటి రోజు నుంచీ ఇక్కడే. మందులు తెస్తది, నీళ్ళు తెస్తది. పేరడిగితే చెప్పదు. కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు."

పిల్ల తలెత్తింది. శ్రీదివ్య. చేతిలో తొన అలాగే ఆగిపోయింది.

నసీమున్నీసా ఆమెను మెట్ల మలుపు దాకా తీసుకెళ్ళింది.

"నేను చెప్తా, నువ్వు విను. తప్పయితే కాదని చెప్పు. మాట్లాడమని అడగట్లా. నీకు ఎల్లెల్లార్ ఉంది. బండి నేర్చుకుంటున్నావు."

పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"ఆరోజు స్టీరింగు దగ్గర నువ్వున్నావు. మీ నాన్న ఎడమ సీట్లో ఉన్నాడు."

కళ్ళనిండా నీళ్ళు. కాదనలేదు.

"గుద్దగానే మీ నాన్న నిన్ను దింపేశాడు, అద్దం మీద టేపు పీకేశాడు. నీ చెయ్యి తీసుకుని..." నసీమున్నీసా ఆ కుడి అరచేతిని పట్టుకుంది. "తన నెత్తి మీద పెట్టించుకున్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు. చెప్తే ఆయన చచ్చినట్టే అని."

అప్పుడు ఏడ్చింది చూడండి ఆ పిల్ల, నోట్లో చున్నీ కుక్కుకుని. తాను చెప్తే ఒట్టు తప్పుతుంది. ఇంకొకరు కనుక్కుంటే తప్పదు. అందుకని తనను పట్టుకోగలిగిన మనిషిని వెతుక్కుంటూ తానే వెళ్ళింది. ఇలాంటి ముద్దాయిని ఎవరు చూశారమ్మా?

మిగతా సంగతులు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. మంగళగిరిలో ఒక ఆఫీసువాళ్ళు ఆడ ఉద్యోగుల్ని ఇళ్ళ దగ్గర దింపడానికి ఆడ డ్రైవర్లను తీసుకుంటామన్నారు. డ్రైవింగు టెస్టు ఈ వారంలోనే. 'నాది ఆరిపోయే దీపమే అమ్మా, నీది ఇప్పుడే వెలిగించే దీపం' అన్నాడట యలమంద, ఆ రోడ్డు మీద, టేపు పీకుతూ.

నసీమున్నీసా మెట్ల మీద కూలబడి చాలాసేపు ఆలోచించింది. చెప్తే ఈ పిల్ల కేసులో పడుతుంది. చెప్పకపోతే ఆ తండ్రి చెయ్యని తప్పుకు జైలుకు పోతాడు. ఎటు చూసినా ఒక దీపం ఆరిపోయేదే. అంతలో ఆవిడ మొహంలో ఏదో తేటపడింది.

"పిచ్చిపిల్లా, మీ నాన్న భయపడి అసలు రక్షణనే పీకి పారేశాడే! ఎల్ కట్టుకుని, పక్కన లైసెన్సున్న మనిషిని పెట్టుకుని నేర్చుకోవడం నేరం కాదు. లోడుతో నేర్పడం తెలివితక్కువ, ప్రమాదానికి జవాబు చెప్పుకోవాలి, నిజమే. కానీ లైసెన్సు లేకుండా తోలిందని నిన్నెవరూ అనలేరు. దాచడమే ఇందులో పెద్ద తప్పు. పద. ఒట్టు వేయించుకున్నవాడి చేతే తీయిద్దాం."

*

మధ్యాహ్నం ఠాణాలో కూతుర్ని చూడగానే యలమంద దిగ్గున లేచాడు. "నువ్వెందుకొచ్చావే ఇక్కడికి!"

"అది ఏమీ చెప్పలేదు బాబాయ్. నీ కాలే చెప్పింది." నసీమున్నీసా పట్టా మీది ముద్ర సంగతి, అద్దం మీది అక్షరం సంగతి నెమ్మదిగా వివరించింది. ప్రేమ్‌చంద్ మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి, లేచి వెళ్ళి బండి చూసి వచ్చాడు. వచ్చాక టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు బాబాయ్" అంది ఆవిడ. "పక్కన నువ్వున్నావు. నీ లైసెన్సే దానికి కాపు. నిజం చెప్తే ఇద్దరూ నిలబడతారు."

"నిజంగానా తల్లీ? నా లైసెన్సు దాన్ని కాస్తదా?"

"కాస్తుంది."

ముసలాయన కూతురి చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుని దించాడు. "తీసేశాలే అమ్మా. చెప్పెయ్."

"నేనే తోలా సార్" అంది శ్రీదివ్య. మూడు రోజులుగా గొంతులో అడ్డంపడ్డ ముల్లు ఊడినట్టు ఊపిరి వదిలింది.

ప్రేమ్‌చంద్ కంప్యూటరు తన వైపు తిప్పుకున్నాడు. "మరి ఆ కాపు లైసెన్సేదో చూసి రాసుకుంటా." నంబరు కొట్టాడు. చూశాడు. మళ్ళీ కొట్టాడు. ఈసారి నసీమున్నీసా వంక చూసిన చూపులో ఎగతాళి లేదు.

"మేడమ్, ఇటు రండి."

ఎర్రక్షరాలు. యలమంద లైసెన్సు సస్పెన్షన్లో ఉంది. ప్రమాదానికి ముందు వారం నుంచే.

"ఏడాదిలో ఐదు" అన్నాడు ప్రేమ్‌చంద్ మెల్లగా. "స్పీడు. ఎక్కువ లోడు. రాంగు రూటు. సిగ్నలు. తోలుతూ ఫోను మాట్లాడటం. అన్నీ బాపయ్యగారి బండ్లే. తోలింది ఎవరంటే యలమంద అని రాసిచ్చారు."

"ఫోనా?" అన్నాడు యలమంద. "నా ఫోను ఇంట్లో మేక్కి వేలాడతా ఉంటదయ్యా!"

కెమెరా బండి నంబరు చూస్తుంది, మొహం చూడదు. ఎవరు తోలారంటే యజమాని చెప్పిన పేరే పేరు.

"బాబాయ్, బాపయ్యగారు నిన్నెప్పుడైనా అడిగారా? నీ పేరు రాస్తానని?"

యలమంద గోడకేసి చూశాడు. "ఒక్కటి అడిగారమ్మా. ఒక్కటే. 'ఒరేయ్ యలమందా, అబ్బాయికి నాలుగు పడినయ్, ఇది నీ వంతు వేసుకోరా, నీది ఖాళీగానే ఉందిగా' అన్నారు. కాలవ నీళ్ళ వంతు మార్చుకోమా మనం? అట్టా అనుకున్నా. ఒక్క వంతు ఇచ్చా."

"నోటీసు రాలేదా నీకు?"

"నా చిరునామా వాళ్ళిల్లేగా. వాళ్ళ కొట్టంలోనే ఉంటన్నా మొదట్నించీ."

ప్రేమ్‌చంద్ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. "ఆ అమ్మాయి పేరు రాస్తే పక్కన లైసెన్సున్నవాడు లేడు. ఈయన పేరు రాస్తే చెల్లని లైసెన్సుతో తోలాడు. ఏది రాయమంటారు మేడమ్?"

"మూడోది రాయండి సార్. ఈ ఐదు గీతలు ఎవరు గీశారో అది రాయండి."

అతను ఒక్క క్షణం ఆవిడ వంక చూసి, "బాపయ్యగారిని లోపలికి రమ్మనండి!" అని కేకేశాడు.

కానిస్టేబులు తలుపులోంచి తొంగి చూశాడు. "లేరు సార్. ఇందాక మీరు బండి చూడ్డానికి వెళ్ళినప్పుడే అబ్బాయిగారు కారు తెచ్చి ఎక్కించుకుపోయారు."

"ఏ అబ్బాయి? శ్రీకృష్ణా? వాడి లైసెన్సు..." ప్రేమ్‌చంద్ టోపీ అందుకుని బయటికి పరిగెత్తాడు.

యలమందకు ఇవేవీ వినపడలేదు. చేత్తో క్యారియర్ని బల్ల చివరిదాకా నెట్టాడు. కుడికాలు మళ్ళీ గచ్చు మీద నొక్కుకుపోయింది. కూతురి మొహంలోకి చూస్తూ, నసీమున్నీసాను అడిగాడు.

"అయితే తల్లీ, నా లైసెన్సే చెల్లకపోతే, ఆరోజు నా బిడ్డ పక్కన కూచున్నదెవరు?"

నసీమున్నీసా శ్రీదివ్యను తీసుకొచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టింది.

ఈ పూటకింతే. మీరు మాత్రం దీన్ని మనసులో పెట్టుకోండి. రేపెవరైనా మీ ఇంటికొచ్చి, క్యారియర్ తెచ్చినంత ప్రేమగా, 'ఒక్కటేగా, నీ పేరు మీద వేసుకో' అంటే, యలమంద కాలు గుర్తు తెచ్చుకోండి. మీ పిల్లలకు బండి నేర్పే రోజున వాళ్ళకూ చెప్పండి. నా మాటల్లోనే అక్కర్లేదు, మీ నోటికి వచ్చినట్టే చెప్పండి. చెప్పడం మాత్రం మానకండి.